ఎడమవైపు నుంచి వచ్చిన గుర్రం

ఒక సాయంత్రం ఫోనులో చదరంగం ఆడుతుంటే నా ఏనుగు పోయింది. దాన్ని తిన్న గుర్రం ఎక్కడినుంచి వచ్చిందో నేను చూడనేలేదు. తరువాతి ఆటలో మంత్రి కూడా అలాగే పోయింది.

మాది హిందూపురం. తాలూకాఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. రోజూ కాఫీ తరువాత ఆన్‌లైన్‌లో ఆడతాను. ఎక్కువగా పెనుకొండలో ఉండే స్నేహితుడు నాగభూషణంతోనే ఆట. అతను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. ఆటలో నిదానస్తుడు. నాది దుడుకు. మంత్రిని తొందరగా బయటికి తెచ్చి రాజు మీద పడతాను. అలా ఆడే నా రేటింగ్ అతని రేటింగును దాటింది.

కళ్లద్దాలు పాతబడ్డాయనుకుని కొత్తవి చేయించుకున్నాను. ఓడిన ఆటలను మళ్లీ నడిపించి చూశాను. ఆరంభపు ఎత్తులు మార్చాను. అయినా ఓటమే.

ఇంట్లో నా భార్య సరస్వతి మూతి ముడుచుకుంది. "నా చెనిక్కాయల పచ్చడి మీద ఏం కోపం? నిన్న ముట్టలేదు, ఈ పొద్దూ ముట్టలేదు."

"వడ్డిస్తే కదా తినేది," అన్నాను. ఆమె నా కంచం వైపు, తరువాత నా వైపు చూసింది.

ఆ సాయంత్రం నాగభూషణం ఫోన్ చేశాడు. "ఏమబ్బా, పాపమని నన్ను గెలిపిస్తాండావా?"

"లేదప్పా."

"అట్లయితే ఇను. తెల్లపావులతో ఆడితే నీకు మంత్రి పక్క దెబ్బ పడుతాంది. నల్లపావులతో ఆడితే రాజు పక్క. నల్లపావులకు ఫోన్లో బోర్డు తిరగబడుతుంది గదా? రెండూ నీ ఎడమచెయ్యి పక్కే. ఆ పక్క నీకు కనపడతాందా, లేదా?"

నేను నవ్వాను. పక్కనే వింటున్న సరస్వతి నవ్వలేదు. "పచ్చడి గూడా ఎడమపక్కే ఏస్తా," అంటూ ఆటో పిలవడానికి వీధిలోకి పోయింది.

ఎం.ఆర్.ఐ. చూసి డాక్టరు చెప్పాడు: "కళ్లు బాగున్నాయి పెద్దాయనా. మెదడులో కుడివైపు చిన్న స్ట్రోక్ వచ్చింది. ఎడమవైపు ఒకటుందనే ధ్యాస పోయింది. దీన్ని నెగ్లెక్ట్ అంటాం. మొదటి గంటల్లో వచ్చుంటే రక్తపుగడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు అవకాశం ఉండేది."

"మళ్లీ ఆడగలనా?" నాకు అదొక్కటే భయం.

"ఆడండి, మంచిదే. ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను. ఒంటరిగా రోడ్డు మాత్రం దాటొద్దు."

బీపీ మాత్రలు, రక్తం పలచబరిచే మాత్రలు మొదలయ్యాయి. ఫిజియోథెరపీ కోసం ధర్మవరంలో మా కూతురు లలిత ఇంటికి వెళ్లాము. ఎడమ అంచున కొట్టొచ్చినట్టు కనపడే రంగుతో ఒక గుర్తు పెట్టమని అక్కడివాళ్లు చెప్పారు. లలిత అత్తవారివి మగ్గాలు. ఆమె ఎర్రటి పట్టుదారం తెచ్చి నా ఫోన్ ఎడమ అంచుకు అంటించింది. ఆ దారం కనపడేదాకా మెడ తిప్పాలి, తరువాతే పావు కదపాలి.

రెండెత్తులకు గుర్తుండేది, మూడో ఎత్తుకు మరిచేవాణ్ని. ముక్కూమొహం తెలియని వాళ్లంతా ఓడించారు. వాకిలి దాటుతూ ఎడమ భుజానికి దెబ్బ తగిలించుకున్నాను. "ఈ ఆట ఫోన్లోనుంచి తీసెయ్ తల్లీ," అన్నాను.

"తీసేసేది ఎంతసేపు నాయనా? నాగభూషణం మామను ఒకసారి రానీ," అంది.

నాగభూషణం కొయ్య బోర్డు చంకన పెట్టుకుని రైల్లో వచ్చాడు. ఎదురుగా కాక నా ఎడమపక్క కుర్చీ వేసుకున్నాడు.

"ఆడ కూర్చున్నావేమప్పా?"

"ఎదురుగా కూర్చుంటే నువ్వు మెడ తిప్పవు. ప్రతి ఎత్తుకూ ముందు నా మొగం చూడల్ల."

"ఆ మొగాన్ని అన్నిసార్లు చూడల్లనా?"

"మా ఇంటామె ఇన్నేండ్లుగా చూస్తాండాది. నీకేం రోగం?"

ఆసుపత్రికి పోయొచ్చాక నేను మొదట నవ్వింది అప్పుడే. అతను వారం వారం వచ్చాడు. మెల్లగా మెడ తనంతట తాను తిరగడం నేర్చుకుంది.

ఇప్పుడు హిందూపురంలోనే ఉన్నాను. పది నిమిషాల ఆటలు మాని అరగంట ఆటలు ఆడుతున్నాను. ముందు ఎడమ అంచు, తరువాత మధ్య, ఆ తరువాతే నా మంత్రి. దుడుకు పోయింది. రేటింగ్ పాత చోటికి రాలేదు, బహుశా రాదు. మొన్న నాగభూషణం ఎడమ అంచు వెంట ఏనుగును తోలాడు. చూశాను. తినేశాను. "ఇంగ ఆ పక్క నాకు ఊరికే దొరికేదేమీ లేదబ్బా," అని మెసేజ్ పెట్టాడు.

మీకు చెప్పదలచింది ఒక్కటే. ఒకవైపు వస్తువులు ఉన్నట్టుండి చూపు నుంచి తప్పిపోతుంటే కళ్లద్దాల అంగడికి పోకండి. ఆ గంటలోనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి పోండి. తప్పిపోతున్న సంగతి మీకు తెలియదు, పక్కవాళ్లు చెబితే నమ్మండి. సరస్వతి ఇప్పటికీ పచ్చడి ఎడమవైపే వేస్తుంది. నేను దాన్ని కలుపుకునేదాకా అక్కడే నిలబడి చూస్తుంది.