పదకొండున్నర దేవుడు

మా బాపు మీదికి దేవుడు వచ్చే టైం ఆదివారం పొద్దున పదకొండున్నర. మా ఊరి బస్సు కంటే దేవుడే నయం, పది నిమిషాలు కూడా అటూ ఇటూ అయ్యేవాడు కాదు.

మా ఊరు అచ్చంపేట దాటాక, అడవి మొదలవుదామా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్న చోట ఉంటుంది. మాకు గొర్రెలున్నాయి. నాకు మాత్రం జడ్చర్లలో మందుగోలీల కంపెనీలో ఉద్యోగం. గోలీలు నేనే తయారు చేస్తానని ఊళ్లో అనుకుంటారు, నేను కాదనను. నిజానికి నా పని, మిషన్ మీద నడిచిపోయే స్ట్రిప్పుల్లో ఖాళీ గూడు ఎక్కడైనా ఉంటే పట్టుకుని పక్కన పడేయడం. అంటే రోజుకు ఎనిమిది గంటలు, లేని గోలీ కోసం చూస్తాను. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తాను. అలా దేవుడూ నేనూ ఒకే రోజు ఊళ్లో ఉండేవాళ్లం.

మొదటిసారి నేను చూసింది మాఘమాసంలో. బాపు మందను రాళ్లగుట్ట కింద ఆపాడు. ఆ ఎండ మనిషికి చెమట పట్టించేది కాదు, గొర్రెలకు మాత్రం చాలు. ఎండ తగలగానే గొర్రెలు ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల దూర్చి గుంపుగా నిలబడతాయి. దూరం నుంచి చూస్తే అరవై ఒళ్లు కనిపిస్తాయి, ఒక్క తల కనిపించదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ రోజు గుట్ట దగ్గర చప్పుడన్నది లేదు. మెడగంట ఒక్కటీ మోగలేదు. తలలు లోపలున్నప్పుడు గంటలెట్లా మోగుతాయి అని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి తనకు తాను ఇలాంటివి చెప్పుకుంటున్నాడంటే అప్పటికే భయపడ్డాడని అర్థం.

బాపు బండ మీద కూర్చుని ఉన్నాడు. అంగీ వాగులో ముంచి తొడుక్కున్నట్టు ఒంటికి అతుక్కుంది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూశాడు. నన్నంటే నన్ను కాదు, నా మెడకు పైన ఎక్కడో చూశాడు.

"అన్నా," అన్నాడు.

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

"అన్నా, నీ తల యాడ వెట్టినవే?"

ఏ సందర్భమైనా నా నోటికి జోకు ముందు వస్తుంది, బుద్ధి తర్వాతి బస్సుకు వస్తుంది. "బస్సుల మర్చిపోయిన, బాపూ," అన్నాను. ఆయన నవ్వలేదు. వేలితో గాలిలో ఏవో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పన్నెండు దాకా పోయి, మళ్లీ ఒకటికి వచ్చాడు. మళ్లీ పన్నెండు. గొంతు ఆయనది కాదు. నాలుక మందమై, మాట ఎక్కడో లోతు బావిలోంచి వస్తున్నట్టుంది.

బాపుకు అన్న ఒక్కడే, మా పెదనాయిన. తెలంగాణ వచ్చిన ఏడు ఇదే బండ దగ్గర, ఇదే వేళకు పోయాడు. మిట్టమధ్యాహ్నపు గాలి కొట్టిందని ఊరు తేల్చింది. అప్పుడు నేను బడికి పోయే వయసువాణ్ని, నాకెవరూ ఇంతకంటే చెప్పలేదు.

అంతలో పక్క చేను తాత వచ్చాడు. బాపును చూసి చెప్పులు విప్పేశాడు.

"నవ్వకురా పోరగా. మల్లన్న వచ్చిండు."

"ఏ మల్లన్న తాతా? బాపు నన్ను పెదనాయిన అనుకుంటాండు."

"దేవునికి నువ్వెవనివో ఎర్కలేదనుకున్నవా? నోరు మూస్కో."

తాత దగ్గర ఎప్పుడూ బండారి పొట్లం, బెల్లం ముక్క ఉంటాయి. పసుపు బండారి బాపు నుదుట రాసి, బెల్లం నోట్లో పెట్టాడు. దేవుడు బుద్ధిగా చప్పరించాడు. పావుగంటలో వెళ్లిపోయాడు. బాపు అంగీ పిండుకుంటూ నన్ను చూసి, "నువ్వెప్పుడొచ్చినవురా?" అన్నాడు.

అదీ ఆరంభం. మరుసటి ఆదివారానికి పదిమంది వచ్చారు, ఆ పై వారానికి గుట్ట కింద చెప్పుల గుట్ట తయారైంది. బోరు ఎక్కడ వేయాలి, తప్పిపోయిన బర్రె ఎటు పోయింది, కోడలు ఎప్పుడు తిరిగొస్తుంది, ఇవీ ప్రశ్నలు. జవాబు ఎప్పుడూ ఒకటే, పన్నెండు దాకా లెక్క. దాన్ని తాత అందరికీ విడమరిచి చెప్పేవాడు. బోరుకు పన్నెండు అడుగులు తూర్పుకు, బర్రెకు పన్నెండు ఊర్ల అవతల, కోడలికి పన్నెండు రోజులు. కోడలు మూడో రోజే వచ్చింది. దేవుడు తొందరపెట్టాడన్నారు.

దేవుడు వెళ్లాలంటే బెల్లం పెట్టాలని అందరికీ తెలిసిపోయింది. బాపుకు చక్కెర రోగమని ఇంట్లో బెల్లం డబ్బాకు తాళం వేసిన మా అమ్మ కూడా గుట్ట కింద ఏమీ అనలేకపోయింది. తినేది దేవుడాయె, మొగుడు కాదాయె.

నాకు నమ్మకం లేదు. అలాగని నిద్రా లేదు. బాపు ఏళ్ల తరబడి ఆదివారాలు ఒక్కపొద్దుంటున్నాడు. గొర్రెలకు నీలినాలుక రోగం తగిలి మంద సగమైనప్పుడు మల్లన్నకు మొక్కిన మొక్కు అది. పొద్దంతా చక్కెర లేని చాయ్, మంచినీళ్లు, సాయంత్రం స్నానం చేశాక ఒక్కపూట తిండి. ఇన్నేళ్లలో రాని దేవుడు ఈ చలికాలమే ఎందుకు వచ్చాడు? ఈ ప్రశ్న వేసుకున్నాను గానీ జవాబు కోసం దేవుడి వైపు చూశాను, నా వైపు చూసుకోలేదు.

ఫాల్గుణంలో ఒక ఆదివారం జనం మరీ ఎక్కువయ్యారు. మా సబ్ సెంటర్ నర్సమ్మ కూడా వచ్చింది. నెలనెలా ఇంటికి వచ్చి బాపుకు షుగర్ గోలీలు ఇచ్చేది ఆమే. తన ట్రాన్స్‌ఫర్ సంగతి అడగడానికి వచ్చానని తర్వాత ఒప్పుకుంది. పదకొండున్నరకు బాపుకు చెమట పట్టింది. జనం ముందుకు జరిగారు. అమ్మ కొంగులో కట్టుకొచ్చిన బెల్లం విప్పింది.

తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు కోడలా. గప్పుడే పంపిస్తవా? ఇంకా ఏడుగురున్నరు అడిగెటోళ్లు."

"మామా, ఆయిన మొఖం సూడు."

"మొఖం గాదు, సామి. జరసేపు ఆగు."

అమ్మ ఆగింది. నేనూ ఆగాను. ఆ ఒక్క మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు. జోకు కూడా రాలేదు ఆ రోజు.

బాపు లెక్క ఏడు దగ్గర ఆగిపోయింది. వేలు గాలిలో అలాగే నిలబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఇంట్లో మనుషులు లేనప్పుడు తెరిచి ఉన్న కిటికీల్లా ఉన్నాయి. తర్వాత మెల్లగా పక్కకు ఒరిగాడు. మందవైపు పాకడం మొదలుపెట్టాడు. పోయి, గొర్రెల కాళ్ల మధ్య తల దూర్చబోయాడు. అరవై గొర్రెల్లో ఒక్కటి కూడా కదలలేదు.

"అయ్యో, అట్లనే," అంది అమ్మ సన్నగా. "ఆయన అన్న గూడ అట్లనే."

నర్సమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చింది. బాపును పక్కకు తిప్పి పడుకోబెట్టి, సంచిలోంచి చక్కెర చూసే మిషన్ తీసి వేలు గుచ్చింది. మిషన్ అంకె చూపలేదు, 'లో' అన్న ఇంగ్లీషు అక్షరాలు మాత్రం చూపింది, తక్కువ అని. చెప్పడానికి దానికే భయమేసినట్టుంది.

"దేవుడు గాదు, ఏం గాదు. చక్కెర పడిపోయింది. పెద్దాయనా, నా మాట ఇనవడ్తాందా? మింగు. ఏదీ, ఉమ్మి మింగు."

బాపు గుటక వేశాడు.

"మింగుతాండు. బెల్లం నీళ్లల్ల కల్పి తేండ్రి, జల్ది. మింగకపోతే మాత్రం నోట్లె సుక్క పొయ్యొద్దు, ఊపిరితిత్తులకు పోతది. తమ్మీ, నువ్వు నూటెనిమిదికి ఫోన్ కొట్టు."

నేను ఫోన్ చేశాను. అడ్రసు చెప్పమంటే "దేవుడొచ్చే బండ" అన్నాను. అలవాటు.

బెల్లం నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూనే నర్సమ్మ నా వైపు తిరిగింది. "ఏమేం గోలీలు ఏస్తాండు?"

బాపు నడుముకు కట్టుకునే గుడ్డ సంచి విప్పాను. ఆమె ఇచ్చే రెండు రకాల గోలీలు ఉన్నాయి. పక్కనే ఇంకో స్ట్రిప్పు, మెరుస్తూ. అది నేను తెచ్చిందే. దీపావళి తర్వాత షుగర్ బాగా పెరిగిందని బాపును జడ్చర్లలో ఒక డాక్టరుకు చూపించాను. ఇప్పుడేమైనా మందులు వాడుతున్నారా అని ఆయన అడిగాడు. బాపు బల్ల కింద నా మోకాలు నొక్కాడు. ఇంకో దవాఖాన పేరెత్తితే ఈ డాక్టరుకు కోపమొస్తుందని బాపు భయం. నేను నోరు మూసుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అందులో ఇదొకటి కావాలా?

నర్సమ్మ స్ట్రిప్పు వెనక్కి తిప్పింది. "గిది సద్విన్నవా? నేనిచ్చే రెండు మందులు గీ ఒక్క గోలీల్నే ఉన్నయి. రెండు కల్పి ఒకటి జేసిన గోలీ ఇది. అవీ ఏస్కుంటాండు, ఇదీ ఏస్కుంటాండు. అంటే డబుల్. పైనుంచి ఒక్కపొద్దు."

సన్నటి అక్షరాల్లో రెండు పేర్లూ ఉన్నాయి, పక్కపక్కనే. రోజుకు ఎన్నో వేల స్ట్రిప్పులు నా కళ్ల ముందు నుంచి పోతాయి. గూట్లో గోలీ ఉందా లేదా అని చూస్తాను. గోలీలో ఏముందో చూడమని నాకెవరూ చెప్పలేదు. నాకు తోచనూ లేదు.

దవాఖానలో బాపును మరునాటి దాకా ఉంచారు. బెల్లం నీళ్లు తాగి లేచి కూర్చున్నాడు కదా, ఇంటికి తీసుకుపోతామంటే అక్కడి డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఈ రకం మందు ఒంట్లో చాలాసేపు ఉంటుంది, చక్కెర మళ్లీ పడిపోవచ్చంది. కిడ్నీల పరీక్ష కూడా రాసింది. తర్వాత బాపును అడిగింది, రెండూ ఎందుకు వేసుకున్నావని.

"రెండు దవాఖానలు గదమ్మా. ఒకరికి మొక్కిన మొక్కు ఇంకొకరికి తీరుస్తమా?"

"మరి ఒక్కపొద్దు రోజు అన్నం మానేసి గోలీలెట్లా వేసుకున్నావు?"

"గోలి అన్నమా ఏంది, ఒక్కపొద్దు చెడనీకి? మందు మానొద్దని మీరే అంటిరి."

బాపు మాట విననందుకు కాదు, అందరి మాటా విన్నందుకు పడిపోయాడు. డాక్టరమ్మ ఒక్కటే గోలీ ఉంచి, పొద్దున మొదటి ముద్దతో వేసుకోమంది. ముద్ద లేని రోజు ఉంటే ముందే తనను అడగమంది. సొంతంగా కలపొద్దు, సొంతంగా ఆపొద్దు. చెమట, వణుకు, మాట తడబాటు వస్తే ప్రశ్నలడగడం ఆపి ముందు చక్కెర పెట్టమంది. చివరి ముక్క నన్ను చూసి అంది. ఇంట్లో ఉన్న గోలీలన్నీ, పాతవీ కొత్తవీ, ఒక సంచిలో వేసుకుని రమ్మంది.

అందుకని ఇల్లంతా వెతికాను. జ్వరానివి, గొర్రెల కడుపులో నట్టల పురుగులవి, గడువు దాటిపోయినవి బయటపడ్డాయి. అమ్మ ఇనుప పెట్టె అడుగు నుంచి పెదనాయిన గొంగడి తీసింది. గాలి పట్టిన గొంగడి అని అన్నేళ్లూ ఎవరూ కప్పుకోలేదట. మడత విప్పితే ఒక స్ట్రిప్పు జారి పడింది. రంగు పోయింది, పేరు చెరిగిపోయింది.

"పెదనాయినకు గూడ చక్కెరుండెనా?" అన్నాను.

"ఉండె. ఆయన గూడ ఆదివారం ఒక్కపొద్దే." అమ్మ స్ట్రిప్పును ముట్టుకోలేదు. "మీ బాపు పొయ్యి సూసేసరికి తల మంద లోపల ఉండెనంట, కొడుకా. ఒళ్లే కనిపించిందంట."

అదేం మందో, ఎప్పటిదో ఎవరికి తెలుసు? ఒక పాత స్ట్రిప్పు దేనికీ రుజువు కాదు. అయినా నా ఉద్యోగం నన్ను ఊరుకోనివ్వలేదు. ఖాళీ గూళ్లు లెక్కపెట్టాను. ఏడు. బాపు వేలు గాలిలో ఆగిపోయింది ఎన్ని దగ్గరో గుర్తొచ్చింది. స్ట్రిప్పులో పది గూళ్లుంటే ఏదో ఒక అంకె రావాలి కదా అని చెప్పుకున్నాను. మళ్లీ లెక్కపెట్టలేదు.

తర్వాతి ఆదివారం బాపు పొద్దున్నే జొన్నరొట్టె తిన్నాడు. మొదటి ముక్కతో గోలీ వేసుకున్నాడు. మొక్కు సంగతి దేవుడితో తానే మాట్లాడుకుంటానన్నాడు. పదకొండున్నరకు గుట్ట కింద జనం ఎప్పటిలాగే కూర్చున్నారు. చెప్పినా వినలేదు. తాత బెల్లంతో ముందు వరసలో ఉన్నాడు. బాపు బండ మీద కూర్చున్నాడు. చెమట లేదు. పదకొండు నలభై అయింది. గాలి కూడా ఆగి చూస్తున్నట్టుంది.

"ఏమైంది? సామి రాలేదా?" అన్నాడు తాత.

"వచ్చిండు," అన్నాడు బాపు. "తిన్నవా అని అడిగిండు. తిన్న అన్న. పోయిండు."

"మరి నా బోరు?"

"బోరు ముచ్చట అడగలే."

జనం గొణుక్కుంటూ చెప్పులు వెతుక్కున్నారు. బాపు వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూశాడు, చివరికి నన్ను.

"ఇయ్యాల అందరికీ తలలున్నయిరా," అన్నాడు.

నేను మందవైపు చూశాను. ఎండలో అరవై ఒళ్లు నిలబడి ఉన్నాయి. ఒక్క తల లేదు. గంట చప్పుడు లేదు. అది గొర్రెల అలవాటని నాకు తెలుసు. తెలిసీ, బాపు కోసం జేబులో పెట్టుకున్న గ్లూకోజు పొట్లం ఒకసారి తడిమి చూసుకున్నాను.