ఊక చల్లిన మంచు దేశం

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను, తర్వాత ధైర్యం చాలదు. నా కథల్లోని మంచు దేశం గురించి చదివినవాళ్ళు అప్పుడప్పుడు "సిమ్లా వెళ్ళొచ్చారా?" అని అడుగుతుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. (ఆ నవ్వుని వాళ్ళు వినయం అనుకుంటారు.) నిజానికి నేను మంచు చూసింది బందరు చేపల రేవు గిలకలదిండిలో, నాన్న పనిచేసే ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో. చిన్నప్పుడు మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్తే లోపలి తలుపు తెరుచుకునేది. తెల్లటి ఆవిరి నా కాళ్ళ మీదుగా వీధిలోకి దొర్లేది. దాని వెనక నాన్న కొక్కెంతో ఒక ఐసు దిమ్మని లాక్కుంటూ కనిపించేవారు. చేపల పడవల్లోకి వెళ్ళే ఐసు మిషన్లో పడి ముక్కలు ముక్కలయ్యేది. సోడా కొట్లకి వెళ్ళే దిమ్మల మీద మాత్రం కరిగిపోకుండా ఊక చల్లేవారు. బందరు ఎండలో ఆ గుమ్మం దగ్గర నిలబడితే ఇంకో లోకంలోకి తొంగిచూస్తున్నట్టు ఉండేది. మిగతా పిల్లలకి ఇంకో లోకం ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియదు. నాకైతే అక్కడ మొదలైంది, కాస్త చేపల వాసనతో.

బోలెడంత ఊహ, బోలెడంత భయం ఒకే మనిషిలో పెడితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే, ఆ రోజుల్లో నన్ను చూడాల్సింది. డిగ్రీ అయిపోయి, బందరు పక్కనే ఉన్న గూడూరులో ఒక చిన్న స్కూల్లో రెండో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. పిల్లల ముందు గొంతు బాగానే వచ్చేది, వాళ్ళ అమ్మానాన్నలు వస్తే పోయేది. డైరీ మాత్రం రోజూ రాసేదాన్ని, ఎందుకంటే అది ఎదురు మాట్లాడదు. బస్సులో వెళ్తూ వస్తూ ఫోన్లో మంచు దేశం కథ రాసుకునేదాన్ని. పక్క సీట్లో ఎవరైనా కూర్చుంటే స్క్రీను వెలుగు తగ్గించి, నాకే కనపడనంత మసగ్గా పెట్టుకుని మరీ రాసేదాన్ని. అలా ఉండగా ఎవరో పంపిన లింకు పట్టుకుని ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను. అందులో ఉన్నవాళ్ళంతా కృష్ణా జిల్లా వాళ్ళు, అందరూ మాయలూ రాక్షసులూ వేరే లోకాల కథలు రాసేవాళ్ళు. (మన జిల్లాలో ఇంతమంది ఈ పనిమీద ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు.) గ్రూపు నడిపేది గుడివాడ మాస్టారు, లెక్కలు చెప్పి రిటైరైన ఆయన. రోజూ పొద్దున్నే "ఈరోజు ఎవరి రాజ్యంలో ఏం జరిగింది?" అని అడిగేవారు. పామర్రులో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే ఒకతను, వయసుతో పని లేకుండా అందరూ బావ అనే పిలిచేవారు, "మా గ్రహం మీద కరెంటు పోయిందండి" అని పెట్టేవాడు. ఎవరైనా రాయలేకపోయానని బాధపడితే "ఫర్లేదమ్మా, రాక్షసుడు ఎక్కడికీ పోడు, రేపు చంపుదువుగాని" అని ఓదార్చేవారు. నెలల తరబడి నేనివన్నీ చదివాను. ఒక్క అక్షరం పెట్టలేదు.

నన్ను బయటపడేసింది గూడూరు రోడ్డు మీద గుంత. "వచ్చే ఆదివారం ముసుగు చదువుకి కొత్త కథలు ఎవరెవరిస్తున్నారు?" అని మాస్టారు పెట్టిన మెసేజీ చదువుతుంటే బస్సు ఎగిరిపడింది, నా బొటనవేలు స్క్రీను మీద పడింది. తేరుకుని చూసేసరికి ఆ ప్రశ్న కింద అప్పటికే ఉన్న బొటనవేలి బొమ్మల పక్కన ఇంకొకటి, దాని పక్కన నా పేరు. వెంటనే పూలు, దండాలు, చప్పట్లు. "బందరు అమ్మాయి నోరు విప్పిందండోయ్" అని బావ. "ఎదురుచూస్తూ ఉంటాం తల్లీ" అని మాస్టారు. పొరపాటున తగిలిందండీ అని రాయడానికి కూడా నాలుగు మాటలు కావాలి కదా. ఆ నాలుగు మాటలు రాసే ధైర్యం లేక, మొత్తం కథే మాస్టారికి విడిగా పంపేశాను.

ముసుగు చదువు అంటే ఆ గ్రూపు వాళ్ళ పద్ధతి. నెలకోసారి గుడివాడలో మాస్టారి మేడమీద గదిలో కలుస్తారు. ఇస్తామన్నవాళ్ళ కథల్లోంచి మాస్టారు ఒకటి తీస్తారు (ఆ నెల నాది), అది ఎవరిదో ఆయనకీ రాసినవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. పేరు లేకుండా ప్రింటు తీసి, చదవడానికి వేరే మనిషికి ఇస్తారు. సగంలో ఆపి అందరూ మాట్లాడతారు. రాసినవాళ్ళు ముసుగులోనే ఉండి వింటారు, చివర్లో ఇష్టమైతే చెయ్యెత్తుతారు, లేకపోతే లేదు. సిగ్గరులకి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఒక్కటే చిక్కు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు మాట్లాడాలి. ఆ రూలు నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఆదివారం అమ్మ ఒక బందరు లడ్డూల పెట్టె చేతిలో పెట్టి, "మాట్లాడాల్సొస్తే ముందు ఇవి పంచు. నోళ్ళు నిండితే నిన్నేం అడగరు" అంది. (అమ్మకి నా సంగతి తెలుసు.) బస్సు పెడన దాటుతుంటే వెనక్కి వెళ్ళే బస్సుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. గుడ్లవల్లేరు వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చేశాను: వాళ్ళు నవ్వితే గ్రూపులోంచి బయటికొచ్చేస్తాను, ఫోన్లో కథంతా తుడిచేస్తాను, ఇక ఈ జన్మకి డైరీ తప్ప ఇంకేదీ రాయను. మంచు దేశం బతుకుతుందో చస్తుందో ఆ గదిలోవాళ్ళ చేతుల్లో ఉంది. ఆ సంగతి పాపం వాళ్ళకి తెలియదు.

గదిలో పాత బెంచీలు, గోడకి బ్లాక్‌బోర్డు, కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. చదివేది అవనిగడ్డ పిన్నిగారు. ఆవిడ పొద్దున తమ ఊరి చర్చిలో వాక్యం చదివి, బస్సెక్కి మధ్యాహ్నానికి ఇక్కడికొచ్చి రాక్షసుల్ని చదివేవారు. రెండింటికీ గొంతు ఒకటే. కళ్ళద్దాలు సర్దుకుని మొదలుపెట్టారు: "పొద్దు పొడవకముందే కావలివాళ్ళు కొక్కేలు భుజాన వేసుకుని కోట తలుపులు తీశారు. తెల్లటి ఆవిరి వీధుల్లోకి దొర్లింది. ముసలివాళ్ళు బుట్టలతో వచ్చి, దేశం కరిగిపోకుండా వీధులన్నిటి మీదా ఊక చల్లారు."

బావ పకపకా నవ్వాడు.

అంతే. ఆ తర్వాత పిన్నిగారు ఏం చదివారో వినలేదు. ఒళ్ళో లడ్డూల పెట్టె మూతకున్న దారం వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాను. రెండో పేజీ చివర ఆవిడ ఆపారు. మాస్టారు నా వైపు తిరిగి, "కొత్త చెవులు ఏమంటున్నాయి? చెప్పమ్మా" అన్నారు.

ఎవరో తిట్టబోతున్నారని తెలిసినప్పుడు ముందే మనల్ని మనం తిట్టేసుకుంటే కాస్త తేలికగా ఉంటుంది. ఆ క్షణంలో నాకు తోచిన ఉపాయం అదొక్కటే. పైగా ఇంత గట్టిగా తిట్టే మనిషే ఆ కథ రాసిందని ఎవరనుకుంటారు?

"బాగోలేదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మంచు దేశంలో ఊక ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ఊక రావాలంటే వడ్లు పండాలి. వడ్లు పండాలంటే ఎండ ఉండాలి. రాసినవాళ్ళకి మంచంటే ఏంటో తెలిసినట్టు లేదు."

"అదేంటండీ, నేను నవ్వింది అది బాగుండే కదా" అన్నాడు బావ. "కొండ కింద వేడి దేశం ఒకటి ఉండుంటది. ఊక కోసం వీళ్ళు ఆ దేశం కాళ్ళు పట్టుకోవాల. గొడవొచ్చిందనుకోండి, కత్తులూ కటార్లూ ఎందుకు, ఊక బళ్ళు ఆపేస్తే చాలు."

"రాజ్యం కరిగిపోద్ది" అన్నారు మాస్టారు. లేచి వెళ్ళి బోర్డు మీద 'ఊక' అని పెద్దక్షరాలతో రాసి, దాని కింద గీత గీశారు.

నాకు ఆ ఆలోచనే రాలేదు. వాళ్ళు నా దేశానికి పొరుగు దేశాన్ని, ఒక యుద్ధాన్ని లడ్డూలన్నా తినకుండానే ఇచ్చేశారు. అక్కడితో నోరు మూసుకోవాల్సింది. కానీ ఎన్నో ఏళ్ళుగా మాట్లాడని మనిషికి మాట్లాడటం ఎలా ఆపాలో కూడా తెలియదు. "ఏమోనండీ, నాకైతే రాసిన మనిషికి బుర్ర ఉన్నట్టు అనిపించలేదు" అన్నాను.

"రాసినవాళ్ళు ఇక్కడే ఉంటారు కదమ్మాయ్, కాస్త మెల్లగా అను" అన్నారు పిన్నిగారు. ఆవిడ ముఖంలో ఎవరి మీదో జాలి.

"ఉంటే విననివ్వండి. అసలు ఆ రాణి ఏంటండీ? చివరికి చేపల బుట్టలో దాక్కుని పారిపోతుందా? రాణి అన్నాక ఒక మర్యాద ఉండొద్దా?"

పిన్నిగారు చేతిలో కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. అప్పుడు తట్టింది నాకు. చదివిన రెండు పేజీల్లో రాణి లేదు. బుట్ట లేదు. చేపలూ లేవు. అవన్నీ ఇంకా చదవని పేజీల్లో ఉన్నాయి.

బావ నోరు తెరిచాడు. మాస్టారు అతని వైపు ఒక చూపు చూశారు. బావ చెయ్యి చాచి నా ఒళ్ళోని పెట్టె తెరిచి, ఒక లడ్డూ తీసి ఆ తెరిచిన నోట్లో పెట్టేసుకున్నాడు.

"సరే, రాణి వచ్చినప్పుడు రాణి సంగతి చూద్దాం" అన్నారు మాస్టారు. "మిగతాది వచ్చే నెల. రాసినవాళ్ళు ఈలోపు ఊక సంగతి ఆలోచించుకుంటారు. టీ తాగండి."

అంతమంది నన్ను చూడకుండా ఉండటానికి అంత కష్టపడటం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఒకరు బోర్డుని చూశారు, ఒకరు ఫ్యానుని, ఒకరు తన గ్లాసులో టీని. చెయ్యెత్తే వేళ వచ్చి వెళ్ళిపోయింది, నా చెయ్యి బెంచీ కిందే ఉండిపోయింది. ఎవరూ నావైపు తిరగలేదు. మెట్లు దిగుతూ, మొత్తానికి ఎవరూ కనిపెట్టలేదు, గండం గడిచింది అనుకున్నాను. (అలా అనుకోగలిగిన ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పుడు కాస్త ముద్దొస్తుంది.)

ఇప్పుడు ముసుగు చదువులో నేను వెనక బెంచీలో కూర్చుంటాను. ఎవరైనా కొత్త పిల్ల వచ్చి, చదివిన కథని మరీ కసిగా తిడుతుంటే, నేనూ ఫ్యానుని చూస్తాను, ఇంకో లడ్డూ తీసుకుంటాను. ఆ అమ్మాయి బస్సెక్కేటప్పుడు ఏం చెప్పాలా అని వెతుక్కుంటాను, ఆరోజు నాకు దొరికినంత మంచి మాట ఎప్పుడూ దొరకదు.

ఆ సాయంత్రం గుడివాడ బస్టాండులో పిన్నిగారు అవనిగడ్డ వైపు వెళ్ళే బస్సు కోసం, నేను బందరు బస్సు కోసం పక్కపక్కనే నిలబడ్డాం. ఆవిడ వాళ్ళ ఊళ్ళో ఎండల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. కథ ఊసెత్తలేదు. నేను ఫోను పట్టుకుని, తుడిచేయాలా వద్దా అని ఆలోచిస్తూ "ఊఁ, ఊఁ" అంటున్నాను. బస్సు ముందు ఆవిడదే వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన సర్దుకుని, అద్దం తోసి, చెయ్యి ఊపి నన్ను దగ్గరికి పిలిచారు. ఎవరికీ వినపడకుండా చెప్పాలనుకున్నారో ఏమో, కిటికీలోంచి బాగా వంగారు.

"రాణిని బుట్టలో కూర్చోబెట్టేముందు కింద ఒక గోనెసంచి వెయ్యమ్మాయ్. ఐసు గుచ్చుకుద్ది."