దిగిన జువ్వదే గెలుపు

మా పాలెంలో పైకి చూస్తూ కింద ఉన్నవాళ్ళ గురించి ఆలోచించిన మగవాడు జాన్‌బాబు ఒక్కడే. మిగతావాళ్ళకు జువ్వ ఎంత ఎత్తుకు లేచిందన్నదే గొప్ప. అది ఎక్కడ పడిందో చూసుకోవడం ఆడవాళ్ళ పని.

మాది కంకిపాడు దగ్గర కాలవ గట్టును ఆనుకున్న పాలెం. గుడి తప్ప అన్నీ తాటాకు ఇళ్ళే. గుణదల తిరునాళ్ళ అయిన తరువాతి ఆదివారం మా మరియమాత గుడి పండగ. ఆ సాయంత్రం కాలవ అవతల, కోతలైపోయిన చేలలో తారాజువ్వల పందెం. చుట్టుపక్కల కుర్రాళ్ళంతా వచ్చేవారు. అన్నిటికన్నా ఎత్తుకు పోయిన జువ్వకు ఇత్తడి బిందె. ఆ నిప్పు కప్పుల మీద పడకుండా మేము మధ్యాహ్నం నుంచీ కాలవలో నీళ్ళు ముంచి, నిచ్చెనలెక్కి, తాటాకు ముద్దయ్యేదాకా తడిపేవాళ్ళం. ఆదివారం పని చెయ్యడం పాపమనేవారు ఫాదర్‌గారు. సూదిలో దారం ఎక్కించినా ఊరుకునేవారు కాదు. మేము మోసే నీళ్ళు మాత్రం ఆయన కంటికి ఎన్నడూ పనిలా కనిపించలేదు.

జాన్‌బాబుకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. బెజవాడలో సైకిల్ షాపులో పని. మా పక్కిల్లే, నన్ను అక్కా అనేవాడు. చిన్నప్పటి నుంచీ జువ్వల పిచ్చి. పంతొమ్మిది వందల డెబ్బై రెండు పండగలో ఎంత తడిపినా రెండిళ్ళు కాలిపోయాయి. ఆ తరువాత ఒకనాడు పాత పేపరు ముక్క పట్టుకుని వచ్చాడు.

“చూడక్కా, చందమామ దాకా పోయొచ్చినోళ్ళు. గొడుగుల కింద సముద్రంలోకి దిగుతున్నారు. ఎంత ఎత్తుకెళ్ళారని కాదు, ప్రాణాలతో దిగారని పండగ చేసుకుంటున్నారు.”

“అయితే మనకేంట్రా?”

“మన పందెం తిరగేద్దాం. పైకి పోయింది కాదు, చల్లగా దిగిందే గెలిచినట్టు.”

వాడి ఊహ ఇది. జువ్వ గొట్టం తలలో గుడ్డ గొడుగు మడిచి పెట్టాలి. మందు కాలిపోయాక చిటికెడు మందు పేలి గొడుగును బయటికి తోస్తుంది. ఆ నిప్పు గుడ్డకు అంటకుండా మధ్యలో తడి అరటి పట్ట ముక్కలు కూరాలి. ఎక్కువసేపు గాలిలో ఉండి, చేత్తో పట్టుకుంటే చల్లగా ఉన్న జువ్వకే బిందె. దిగడం అందరికీ కనిపించాలి కాబట్టి పందెం పొద్దుండగానే జరగాలి.

క్రిస్మస్ ముందు నుంచి చేలలో ఎన్నిసార్లు వదిలాడో! గట్టు మీద కూర్చుని మందు కూరడం, వెంటనే అంటించడం. దిగిన గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఒక్కసారీ కాలలేదు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

పాలెం సభలో ఈ మాట వినగానే పందెం పెద్ద లాజరు మామ నవ్వాడు. “పగటిపూట జువ్వేంట్రా? ఎవడు చూస్తాడు?”

కాలిన రెండిళ్ళలో ఒకటి సంపూర్ణమ్మది. ఆవిడ సభలోనే లేచింది. “మీ సరదాకి మేం నీళ్ళు మొయ్యాలా మామా? కుర్రోడు చెప్పినట్టు ఒక్క ఏడు చేసి చూడండి.”

ఆవిడ నోటికి లాజరు మామ జడిసి ఒప్పుకున్నాడు. జాన్‌బాబు పందెంగాళ్ళందరికీ గొడుగు మడత నేర్పాడు. ఇంటింటికీ తిరిగి, “ఈసారి కప్పులు తడపక్కర్లేదు, పూచీ నాది” అని చెప్పాడు. ఆ ఆదివారం మేము తలంట్లు పోసుకుని, మంచి చీరలు కట్టి, మగాళ్ళతో సమానంగా చేలో చాపలేసుకుని కూర్చున్నాం. నా జన్మలో అలాంటి పండగ అదే మొదలు.

ఆదివారం పని కూడదు గనుక జువ్వలన్నీ శనివారం పొద్దుగూకేలోపే కూరేశారు. మర్నాడంతా అవి గుడి మెట్ల మీద వరసగా ఎండలో ఉన్నాయి. లోపలి అరటి పట్ట ఎండిపోతుందని ఎవరికీ తట్టలేదు. వాడికీ తట్టలేదు.

కొన్నిటికి గొడుగులు విచ్చుకోలేదు, కొన్ని చేలోనే కూలాయి. జాన్‌బాబు జువ్వ ఆఖరుది. పైన ఎర్ర గొడుగు విచ్చుకోగానే చేనంతా కేకలు. సాయంకాలపు సముద్రపు గాలి దాన్ని మెల్లగా పాలెం వైపు తీసుకెళ్ళింది. పాత జువ్వల్లో ఏ ఒకటీ అరో తప్ప ఇంత దూరం వచ్చేవి కావు. మేము చప్పట్లు కొడుతూ దాని కింద పరుగెత్తాం. కాలవ దాటుతుండగా గొట్టం మూతి నుంచి సన్నగా పొగ కనిపించింది. నేను అరిచాను. ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది?

అది సంపూర్ణమ్మ ఇంటి మీద వాలింది. ఎండు తాటాకు, పైన గాలి. మేము వంతెన చుట్టి వచ్చేసరికి కప్పు కూలింది. పక్షవాతంతో మంచాన ఉన్న ఆవిడ అత్త శౌరమ్మ లోపలే ఉంది. జాన్‌బాబు మంటల్లోకి దూకి ముసలమ్మను ఎత్తుకొచ్చాడు గానీ, అప్పటికే ప్రాణం లేదు.

వాడి ఆలోచన తప్పని ఊరంతా అన్నారు. నేను ఇప్పటికీ అనను. అంతకన్నా మంచి ఆలోచన మా పాలెంలో ఎవడికి వచ్చింది?

సమాధి అయిన మర్నాడు, చేతులకు కట్లతో వచ్చి సంపూర్ణమ్మ కాళ్ళ మీద పడ్డాడు. “కొట్టు పిన్నీ. ఏదో ఒకటి అను.”

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“జువ్వల రోజు మా అత్తని మంచంతో సహా గుళ్ళోకి మోయించేదాన్ని బాబూ, ఏటా. ఈసారీ మోయిద్దామంటే, ఆవిడే వద్దంది. జాన్‌బాబు చెప్పాడు కదే, ఇంట్లోనే పడుకుంటానంది.”

జాన్‌బాబు లేచి వెళ్ళిపోయాడు. హనుమాన్ జంక్షన్‌లో లారీలకు పంక్చర్లు వేస్తున్నాడని తరువాత తెలిసింది. పోయిన ఏడు వాళ్ళమ్మ పోతే కబురు పెట్టాం. వచ్చాడు, కానీ కాలవ అవతలే నిలబడిపోయాడు. సంపూర్ణమ్మే వంతెన దాటి వెళ్ళి, చెయ్యి పట్టుకుని రమ్మంది. వాడు రాలేదు. తల్లిని మేమే పూడ్చిపెట్టాం.