మిలిటరీ ఆయన పిస్తోలులో నేను మార్చిన ముక్క

నలభై ఏళ్ల నుంచి ఒక ఉక్కు ముక్కను మనసులో మోస్తున్నాను. గోరంత ఉంటుంది. మీ అరచేతిలో పెడితే బరువే తెలియదు. నా భార్యకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మెత్తగా చెప్పడం మాత్రం నా వల్ల కాదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు నా మీద, తర్వాత మిగిలినవాళ్ల మీద.

ఎనభైల మొదట్లో చిత్తూరులో, లైసెన్సు తుపాకులు అమ్మే అంగడిలో మరమ్మతు పని చేసేవాణ్ణి. యజమానిని అందరూ ముదలాళి అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఒకరోజు పలమనేరు బస్సు దిగి దేవసహాయం అనే ఆయన వచ్చాడు. మిలిటరీలో ఇరవై ఏళ్లు చేసి వచ్చినందుకు సర్కారు ఆయనకు మూడెకరాలు ఇచ్చింది. ఇచ్చిన రోజు నుంచీ చుట్టుపక్కల పొలాలవాళ్లు ఆ నేల వదిలి పొమ్మని బెదిరిస్తూనే ఉన్నారు. ఒకసారి గడ్డివామి కాల్చేశారు. ఆయన రెండేళ్లు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి పిస్తోలుకు లైసెన్సు తెచ్చుకున్నాడు. పెద్ద తుపాకీ భుజాన వేసుకుని రోజూ బస్సెక్కితే గొడవను పిలిచినట్టే కదా, అందుకని పిస్తోలు.

అప్పట్లో కొత్త పిస్తోళ్లు బయటి దేశాల నుంచి రావడం ఆగిపోయింది. ఉన్నవన్నీ చేతులు మారిన పాతవే, వాటికి ముదలాళి నోటికొచ్చిందే ధర. దేవసహాయం దగ్గరున్నది కొంచెమే. అదీ భార్య మేరమ్మ కమ్మలు అమ్మితే వచ్చింది. ఆ డబ్బుకు దొరికేవి మూడు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి తళతళలాడే నికెల్ పూతది, లోపల గొట్టం తుప్పు. ఇంకొకటి జేబులో పట్టేంత చిన్నది, తూటాల మేగజీన్ వదులు. మూడోది పాత కాలపు పటాలం వాలకం. తూటాను పేల్చే సుత్తి బయటికి కనిపిస్తుంది, పిడి పలకగా ఉంటుంది, అంచుల దగ్గర నల్లరంగు పోయి ఇనుము తెల్లబడింది. సైన్యం వాడే సైజు తూటా మామూలు జనానికి ఇవ్వరు కాబట్టి దీంట్లో పట్టేది చిన్న తూటాయే. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, మేగజీన్ లాగి పెట్టాడు, పేలకుండా ఆపే సేఫ్టీ మీటను పదిసార్లు వేసి తీశాడు. నా మొహం చూశాడు. మూడోదే తీసుకోమన్నాను. ఆ రోజు నేను నిజమే చెప్పాను. ఇప్పుడు ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని వేలాడాలనిపిస్తుంది. ఏం లాభం?

ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలన్నీ స్టేషన్లోనో, మాలాంటి అంగట్లోనో అప్పజెప్పాలి. చీటీ కట్టి ఇనప్పెట్టెలో పెట్టి, ఎన్నికలయ్యాక తిరిగిస్తాం. మరుసటేడు ఎన్నికలకు దేవసహాయం తన పిస్తోలు తెచ్చిచ్చాడు. అదే వారం చెరకుతోటల ఆసామి ఒకాయన పిస్తోలు కూడా వచ్చింది. రెండూ ఒకే మోడల్. ఆసామికి బెదిరింపులూ లేవు, పాడూ లేదు. పెళ్లిళ్లలో నడుముకు పెట్టుకుని తిరిగేవాడు, అడిగిన ప్రతివాడికీ సుత్తి లాగి, ట్రిగ్గర్ నొక్కి చూపించేవాడు. అలా లాగీ లాగీ, లోపల సుత్తిని పట్టి ఉంచే ఉక్కు ముక్క అరిగిపోయింది. సేఫ్టీ వేసినా సుత్తి నిలిచేది కాదు. కొత్త ముక్క తెప్పించే దారి లేదు.

ఎట్లా చేస్తావో నాకు తెలియదు, ఆసామిది మాత్రం సరిగ్గా ఉండాలి అన్నాడు ముదలాళి. అంతే అన్నాడు. మార్చమని అనలేదు. తప్పంతా ఆయన మీదకు తోసెయ్యొచ్చు, ఆయన ఇప్పుడు లేడు కూడా. కానీ స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేయి ఎవరిది? నాది. పిస్తోలు మీద నంబరు ఉంటుంది, లోపలి ముక్క మీద ఉండదు. దేవసహాయం పిస్తోల్లోని మంచి ముక్క తీసి ఆసామిదాంట్లో పెట్టాను. అరిగిన ముక్కను ఆకురాయితో కాస్త సానపట్టి దేవసహాయందాంట్లో పెట్టాను. పదిసార్లు లాగి చూస్తే నిలబడింది. చాల్లే అనుకున్నాను. ఇద్దరిలో ఈయన్నే ఎందుకు ఎంచుకున్నాను? ఆసామికి కోపమొస్తే నా ఉద్యోగం పోతుంది. దేవసహాయానికి కోపమొస్తే ఏమవుతుంది, ఆయన తరఫున అడిగే దిక్కెవరు? ఇలాగే అనుకున్నాను, ఇదే మాటల్లో.

ఎన్నికలయ్యాక ఆయన వచ్చాడు. పిస్తోలు చేతిలోకి తీసుకుని ఒక్కసారి లాగి చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా, ఇది నా పిస్తోలు మాదిరి లేదే. ట్రిగ్గరు మెత్తగా ఉండాది."

"నంబరు సూడు సార్, నీదే. బాగా నూనె పట్టించినాను, అందుకే మెత్తబడినాది."

"లోపలంతా నువ్వే సూసినావా?"

"నేనే సూసినాను సార్."

"నువ్వు సూసినావంటే ఇంకేముండాది," అని నడుముకు పెట్టుకుని బస్సుకు పోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున ఆయన బెల్టు బిగించుకుంటుంటే పిస్తోలు జారి అరుగు మీద పడింది. పడగానే పేలింది. ఎదురుగా మేరమ్మ రాగులు చెరుగుతోంది. తూటా మోకాట్లో దిగింది. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. కాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఎస్సై ఆ పిస్తోలు అంగడికి తెచ్చి, చూసి రాసిమ్మన్నాడు. విప్పాను. నేను సానపట్టిన అంచు విరిగిపోయి ఉంది. మళ్లీ బిగించి, పిస్తోలులో లోపం లేదు, సేఫ్టీ వేయకపోవడం వల్లే పేలింది అని రాసి సంతకం పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. అంగట్లో కూర్చున్న పెద్దమనుషులు టీ తాగుతూ, చేతగానివాళ్లకు పిస్తోళ్లెందుకయ్యా అని నవ్వారు. నేనూ నవ్వాను. వినండి, నేనూ నవ్వాను! సరిహద్దులో ఇరవై ఏళ్లు తుపాకీతో నిద్రపోయిన మనిషి వాళ్లకు చేతగానివాడు. పెళ్లి పందిట్లో సుత్తి లాగి ఆడుకున్న ఆసామి చేతనైనవాడు. ఆసామి లైసెన్సు నిక్షేపంగా నిలిచింది. దేవసహాయం లైసెన్సు రద్దయింది. పిస్తోలు పోయాక ఆ మూడెకరాలు ఆరు నెలలు కూడా నిలవలేదు. ఇదేం న్యాయమని అరవాలనిపిస్తుంది. అరిచే హక్కు నాకుందా? ఆ అన్యాయానికి సంతకం నాదే.

కొన్నేళ్లకు తిరుపతిలో ఒక లాడ్జీలో ఆయన వాచ్‌మన్‌గా కనిపించాడు. నేను గుండు కొట్టించుకుని కొండ దిగి వస్తున్నాను. తప్పుకుని పోదామనుకునే లోపే గుర్తుపట్టి, కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు. ఆ పొద్దున సేఫ్టీ వేసినట్టే గుర్తుందనీ, కానీ నేను పిస్తోలు బాగుందని రాసిచ్చాక తన గుర్తునే నమ్మడం మానేశాననీ చెప్పాడు. తప్పు తనదేనని మేరమ్మ కాళ్లు పట్టుకుని ఏడ్చానన్నాడు. కాళ్లు అని, సర్దుకుని, కాలు అన్నాడు. అప్పుడైనా నోరు తెరవాలి కదా? కాఫీ తాగాను. వేడిగా ఉందన్నాను. లేచి వచ్చేశాను.

ఆయన పోయి చాలా కాలమైంది. పోయేదాకా మేరమ్మ ఆయన్ను దెప్పుతూనే ఉండేదని ఆ ఊరివాళ్లు చెప్పారు. మిలిటరీలో అంతకాలం చేసి సేఫ్టీ వేసుకోవడం రాదా అని. ఆమె తప్పేముంది? నా సంతకాన్ని నమ్మింది. ఆమె ఇంకా ఉందట, కొడుకు దగ్గర. వెళ్లి చెప్పే ధైర్యం ఇప్పటికీ రాలేదు. ఈ కాగితం ఆమె దాకా పోతుందో లేదో తెలియదు.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు, ముందుగా క్షమించాల్సిన మనిషీ లేడు. ఇది రాస్తుంటే గుండెల్లో ఏదో కాస్త వదులవుతోంది, దానికి కూడా సిగ్గుగానే ఉంది. ఎస్సై ఇచ్చిన కాగితం మీద ఆ రోజు నేను రాయాల్సిన మాట ఇది. దేవసహాయం సేఫ్టీ వేశాడు.