బక్కెన్ ఇంటి ఇద్దరు సున్నివాలు

గోడ మీది కాగితాన్ని సున్నివా మళ్లీ చదివింది. ఒక పేరు లేదు.

లైబ్రరీ తలుపులు ఇంకా తీయలేదు. ఏడాదికోసారి వచ్చే వంశవృక్షాల రోజు కదా అని ఆమె అందరికంటే ముందు వచ్చింది. కాఫీ కాచి ఫ్లాస్కుల్లో పోసింది, వాఫిల్ పెనం వేడెక్కించింది. ఇక తీరిగ్గా తమ ఇంటి కాగితం చూసుకుందామని గోడ దగ్గరికి వెళ్లింది. ఆ లోయలోని ప్రతి కమతానికీ ఒక పెద్ద కాగితం అచ్చువేయించి వరసగా అంటించారు. బక్కెన్ కమతం కాగితంలో తండ్రి తార్యే పేరు ఉంది, పక్కన తల్లి గ్రో పేరు ఉంది. వాళ్ల కింద ఇద్దరు కూతుళ్లు, రాగ్నా, సున్నివా. అంతే. తార్యే మొదటి భార్య, రాగ్నాని కన్నతల్లి, ఆ కాగితం మీద ఎక్కడా లేదు. రాగ్నా కూడా గ్రో కడుపున పుట్టినట్టే గీత గీసి ఉంది.

రాగ్నా మధ్యాహ్నం బస్సుకి దిగుతుంది. బెర్గెన్ నగరం నుంచి అంత దూరం వస్తున్నది ఆ ఒక్క పేరు చూడటానికే.

"ఓద్వార్!" అని సున్నివా కేకేసింది.

లైబ్రరీ చూసుకునే ఓద్వార్ కుర్చీలు వేస్తున్నవాడల్లా పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది సున్నివమ్మా? పెనం గానీ అంటుకుందా?"

"పెనం కాదు, నా కొంప అంటుకుంది. ఇందులో మా నాన్న మొదటి భార్య ఏదయ్యా?"

"ఆవిడ పేరేమిటి?"

"సున్నివా."

ఓద్వార్ మొహం పాలిపోయింది. "మీరే కదండీ తీసేయమన్నారు! ఫోన్ చేసి అడిగాను. బక్కెన్ ఇంట్లో సున్నివా రెండుసార్లు వస్తోంది, ఒకటి తీసేయనా అంటే, తీసేయ్ తీసేయ్ అన్నారు."

అన్నది నిజమే. ఆ పూట ఆమె పొయ్యి మీద ఏదో పెట్టుకుని, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడింది. ఆ ఇంట్లో సున్నివా అంటే తనే కదా, రెండోసారి ఎందుకుంటుంది అనుకుంది. ఆ పేరుతో తనకంటే ముందు ఒకావిడ ఉండేదన్న సంగతి ఆ క్షణాన తట్టనే లేదు. అదే ఇప్పుడామెని నిలువునా కోసేస్తోంది. ఎవరో పొరపాటు చేస్తే తిట్టి ఊరుకోవచ్చు, తానే మరిచిపోతే ఎవరిని తిడుతుంది?

మరిచిపోవడానికి వీల్లేని మనిషి ఆమె. బడి వంటగదిలో ఉద్యోగం మానుకున్నాక వారం వారం ఈ లైబ్రరీలో కూర్చుని, పూర్వీకుల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి పాత చర్చి రికార్డుల గొలుసుకట్టు రాత చదివిపెడుతోంది. వచ్చిన ప్రతివాళ్లకీ మొట్టమొదట చెప్పే మాట ఒకటే. "పెళ్లాం పోయి మగాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, రెండో ఆవిడ కన్న మొదటి ఆడపిల్లకి పోయినావిడ పేరే పెడతారు. ఒకే పేరు కదా అని ఇద్దర్నీ కలిపేశారో, మీ వంశం గంగలో కలిసినట్టే." ఊరందరికీ చెప్పీ చెప్పీ, తన ఇంట్లోనే కలిపేసింది!

ఆమె పుట్టేనాటికి ఆ ఆనవాయితీ చాలా ఇళ్లలో పోయింది. కానీ తార్యే తల్లి పట్టుబట్టింది. పోయిన కోడలి పేరు నిలబెట్టకపోతే ఇంటికి అరిష్టమంది. గ్రో పళ్ల బిగువున ఒప్పుకుంది. నామకరణం నాడు చర్చిలో పాస్టరు ఆ పేరు పలకగానే, అప్పుడే బడికి పోవడం మొదలుపెట్టిన రాగ్నా బెంచీ మీద నిలబడి, "అది మా అమ్మ పేరు! ఇచ్చెయ్యమనండి!" అని గుక్కపట్టి ఏడ్చిందట. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు, తార్యే పసిదాన్ని సున్నివా అని ముద్దుగా పిలిచినప్పుడల్లా రాగ్నా గుమ్మందాకా పరిగెత్తేదట, అమ్మ వచ్చిందేమోనని.

పాపం, పసిదాని తప్పేముంది? ఉయ్యాల్లో పడుకున్న దాన్ని ఎవరైనా అడిగారా, ఏ పేరు కావాలే నీకని? కానీ రాగ్నాకి అది తన తల్లిని మింగేసిన పిల్ల. చదువైపోగానే బెర్గెన్ వెళ్లి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరింది. పండక్కి ఒక కార్డు, చావుకి ఒక రాక, అంతే. తండ్రిని పాతిపెట్టిన రోజున ఆమె చర్చి పక్క శ్మశానమంతా కలియదిరిగి తల్లి సమాధి వెతికింది. లేదు. సమాధికి చోటు కొన్నేళ్ల గడువుకే ఇస్తారు, ఆ గడువు తీరినా పొడిగించమని ఎవరూ అడగలేదని రాయి తీసేసి, ఆ చోటు ఇంకెవరికో ఇచ్చేశారు. అడగాల్సిన తార్యే అడగలేదు. రాగ్నా ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కేసింది.

ఇన్నేళ్లకి సున్నివా ధైర్యం చేసి ఫోన్ చేసింది. "అక్కా, గోడ మీద మన ఇంటి కాగితం పెడుతున్నారు, మీ అమ్మ పేరు కూడా వేయిస్తున్నాను, ఓసారి వచ్చి చూడు" అంది.  అవతలనుంచి, "వస్తాను. ఎక్కడో ఒకచోటైనా ఉందన్నమాట" అని ఒక్క మాట వినిపించింది.

ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఎదురుపడాలి?

"మళ్లీ అచ్చువేయించలేమా?" అని ఓద్వార్ని పట్టుకుంది.

"ఇంత పెద్ద కాగితం పట్నంలోనే వేస్తారు. ఇవాళ శనివారం, మూసి ఉంటుంది. పోనీ పెన్నుతో రాసేద్దామా?"

"అందరిదీ అచ్చులో, ఆవిడది ఒక్కదానిదీ పెన్నుతోనా? ఆఖర్న గుర్తొచ్చి ఇరికించినట్టుంటుంది. అక్క నన్ను బతకనివ్వదు."

తలుపులు తీశారు. జనం బిలబిలా వచ్చేశారు. ఒక గడ్డం పెద్దమనిషి రికార్డు నకలు పట్టుకుని ఆమె బల్ల ముందు కూలబడ్డాడు. "అమ్మా, మా ముత్తాత ఇంట్లో ఒక చిత్రం ఉందండీ. చచ్చిపోయిన ఆవిడ మళ్లీ పుట్టినట్టు..."

 ఎన్నిసార్లో చెప్పిన ముక్క సున్నివా ఈసారి చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడిచింది, మళ్లీ పెట్టుకుంది, గడియారం చూసింది. బస్సు వచ్చే వేళ దగ్గరపడుతోంది.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?" అన్నాడాయన.

"బాగానే ఉంది. కత్తెరుందా మీ దగ్గర?"

ఆయన బిత్తరపోయాడు. సున్నివా లేచి, ఓద్వార్ బల్ల మీది కత్తెరా జిగురూ తీసుకుని తిన్నగా గోడ దగ్గరికి నడిచింది. కాగితం మూల ఊడదీసి, కూతుళ్ల వరసలో ఉన్న తన పేరుని చదరంగా కత్తిరించింది. ఆ ముక్కని తార్యే పక్కన, గ్రోకి ముందు అంటించింది. గ్రో నుంచి రాగ్నాకి దిగిన గీతని తెల్ల కాగితం ముక్కతో కప్పేసి, కొత్తగా అంటించిన పేరు నుంచి రాగ్నాకి స్కేలు పెట్టి గీసింది.  ఓద్వార్ వెనక నిలబడి, "అయ్యయ్యో, మీ పేరు, మీ పేరు సున్నివమ్మా" అంటూనే ఉన్నాడు.

"నా పేరు సమాధి రాయికెక్కడానికి ఇంకా టైముంది. నోరు మూసుకుని ఆ మూల పట్టుకో."

కాగితం మళ్లీ అంటించి ఇటు తిరిగేసరికి, గుమ్మంలో రాగ్నా. చేతికర్ర, నల్ల కోటు, అదే బిగించిన మొహం.  సున్నివా చటుక్కున మైక్రోఫిల్ములు చూసే యంత్రం వెనక్కి తప్పుకుంది. డెబ్బై దాటిన మనిషి, దొంగతనం చేసిన పిల్లలా!

రాగ్నా ఎవర్నీ పలకరించలేదు. గోడ వెంబడి నడిచి బక్కెన్ దగ్గర ఆగింది. కళ్లు చికిలించి చూసింది. వేలు తల్లి పేరు మీద పెట్టి అలాగే ఉంచింది. పెదవులు కదిలాయి.  తర్వాత ఆ వేలు గీత వెంబడి కిందికి దిగింది, రాగ్నా అన్న పేరు దాటి పక్కకి జరిగింది, అక్కడున్న కన్నం దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడున్నదెవరు?" అంది గట్టిగా. హాల్లో అందరూ ఇటు తిరిగారు.

సున్నివా యంత్రం వెనకనుంచి వచ్చింది. "నేనే అక్కా. మీ అమ్మ పేరు పోయింది. తప్పంతా నాదే, నేనే తీసేయమన్నాను, బుద్ధిలేక. అచ్చులో ఒక్కటే మిగిలింది. ఎవరిది వాళ్లకిచ్చేశాను. చిన్నప్పుడు నువ్వడిగావుగా."

రాగ్నా చేతికర్ర నేలకేసి టక్కున కొట్టింది. "అడిగాను. పసిముండని, అడిగాను! ఇప్పుడు అడిగానా? ఈ వయసులో ఇంత దూరం బస్సులో నడుం విరిగేలా వస్తే, అమ్మని చూపించి, నాకున్న ఒక్కగానొక్క చెల్లెల్ని కత్తిరించి పారేస్తావా? నన్ను ఈ గోడ మీద కూడా ఒంటిదాన్ని చేస్తావా? నీకసలు బుద్ధుందా?"

సున్నివా ఏదో అనబోయింది. ఏడుపొచ్చేసింది.

"ఏడుపులు తర్వాత. పెన్ను తే."

"పెన్నుతో అయితే బాగుండదేమోనని..."

"తెమ్మన్నానా!"

ఓద్వార్ పెన్ను అందించాడు. అతను కన్నం వెనక తెల్ల కాగితం అంటించేదాకా రాగ్నా ఆగింది. కర్ర సున్నివా చేతికిచ్చి, గోడకి ఆనుకుని రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు వంకరపోయాయి, చోటు చాల్లేదు, మొదటి అక్షరం తన పేరు మీదికే ఎక్కింది. పూర్తయ్యాక కూడా పెన్ను దించకుండా దాన్నే చూస్తూ నిలబడింది.

"కార్డుల మీద ఎప్పుడూ 'బక్కెన్ వాళ్లకి' అనే రాసేదాన్ని. ఈ పేరు నేను రాయడం ఇదే మొదటిసారే," అంది.