నా సైకిల్, ఆయన ఎడమచెయ్యి

ఇరవై ఏళ్ళ పాటు నా సైకిల్‌కు గాలి కూడా నేను కొట్టుకోలేదు. మా ఆయన ముట్టుకోనిచ్చేవాడు కాదు. చీమకుర్తిలో వారమంతా గ్రానైట్ కోసి వచ్చినా, ఆదివారం చర్చి నుంచి రాగానే సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి చైనుకు నూనె పెట్టేవాడు. నేను పానా పట్టుకుంటే "నువ్వు పిల్లకాయలకు అఆలు చెప్పుకో పో" అనేవాడు. అంగన్‌వాడీ టీచరంటే ఆయనకు అంత గౌరవం మరి.

కిందటేడు పక్షవాతం వచ్చి ఆయనకు కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. నేను ఏడవలేదు. గుండె గట్టిదని చుట్టాలు మెచ్చుకున్నారు. గట్టిదీ లేదు, పాడూ లేదు, మొద్దుబారింది. జావ కాచేదాన్ని, ఒళ్ళు తుడిచేదాన్ని, ఆడపడుచును పక్కన కూర్చోబెట్టి పక్కూళ్ళో అంగన్‌వాడీ సెంటర్‌కు పోయొచ్చేదాన్ని. దేనికీ ఏమీ అనిపించేది కాదు.

ఒంగోల్లో డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది. "రోజూ ఏదో ఒకదానికి ఆయన కదిలేట్టు చూడమ్మా. లేకపోతే మనిషి లోపలికి వెళ్ళిపోతాడు." పాటలు పెట్టాను, బైబిలు చదివాను. ఆయన గోడవైపే చూసేవాడు.

ఒకరోజు పత్తి మోడు దిగి సైకిల్ పంచరైంది. ఊళ్ళో అందరికీ మోటారు బళ్ళొచ్చి సైకిల్ షాపు ఎప్పుడో మూతపడింది. ఆయన సామాన్ల డబ్బా తెచ్చుకుని మంచం ఎదురుగానే కూర్చున్నాను. చెంచాలతో టైరు ఊడదీశాను. ట్యూబును నీళ్ళలో ముంచి, బుడగలొచ్చిన చోట గరుకు కాయితంతో రుద్ది అతుకు వేశాను. టైరు ఎక్కించబోతుంటే ఠంగుమని చప్పుడైంది. ఆయన ఎడమచేత్తో మంచం ఇనప పట్టీ మీద కొట్టాడు. టైరు లోపల వేలు పెట్టి చూస్తే మోడు ముక్క అక్కడే ఉంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సైకిల్‌ని ఆయన ఎదుటే పెట్టుకుని విప్పేదాన్ని. చైను మరీ బిగించినందుకు మంచం మీద ఒక దెబ్బ, బ్రేకు రబ్బరు తిరగేసి పెట్టినందుకు రెండు దెబ్బలు. కళ్ళలో వెనకటి కోపం కనపడేది. తిట్లు తిన్నట్టే ఉండేది నాకు, కడుపు నిండా.

నాలుగు నెలల్లో నాకు పని వచ్చేసింది. దెబ్బలు ఆగిపోయాయి. ఆయన మళ్ళీ గోడవైపు తిరిగాడు. దాంతో కావాలనే తప్పులు చేయడం మొదలుపెట్టాను. నట్టు వదులుగా వదిలేసేదాన్ని, ముల్లు తీయకుండా టైరు ఎక్కించేదాన్ని. కొన్నాళ్ళు చెయ్యి లేచింది.

మొన్న ఆదివారం చక్రం ఊగుతుండగానే సైకిల్ నిలబెట్టాను. ఆయన చూశాడు, కొట్టలేదు. చైను ఊడదీసి వేలాడేశాను. కొట్టలేదు. "ఏమయ్యా, తప్పు చేశా, చూడు. ఒక్కసారి మంచం కొట్టయ్యా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. కావాలనే చేస్తున్నానని తెలిసిపోయింది. కళ్ళు మూసుకున్నాడు.

చేసేదేముంది, అన్నీ సరిగ్గా బిగించి డబ్బా మూశాను. మర్నాడు సెంటర్‌కు పోతుంటే సైకిల్ ఎక్కడా కిర్రుమనలేదు. ఆయన చేతిలో ఉన్నప్పుడు కూడా అంత బాగా నడవలేదు. దాన్ని తీసి పత్తి చేలో పారేయాలనిపించింది.