ఎడమచేతి బ్రేకు

మోటార్‌సైకిల్ కొంటానని మా అమ్మాయి అన్న రోజున నేను చేసిన గొడవ ఇంతా అంతా కాదు. దానికి ఇరవై ఏళ్లు. ఇక్కడ అమెరికాలో, ఈ చాండ్లర్‌లోనే పుట్టి పెరిగింది. మూడు రోజులు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. ఇద్దరం కలిసి బండి నేర్పే క్లాసులో చేరాలి. అది అయ్యాక నేను సరేనంటే కొంటుంది, వద్దంటే మానేస్తుంది. వద్దనాలని నేను ముందే నిశ్చయించుకున్నాను. గుంటూరులో ఆరేళ్లు గేర్లు లేని స్కూటర్ మీద కాలేజీకి వెళ్లినదాన్ని. బండి సంగతి తెలిసే వద్దంటున్నానని చెప్పడానికే చేరాను.

ఓ కాలేజీ పార్కింగ్ లాట్‌లో క్లాసు. ఎండ ముదరక ముందే ముగించాలని ఐదున్నరకల్లా రమ్మన్నారు. వచ్చిన పన్నెండు మందిలో అందరికన్నా పెద్దదాన్ని నేనే. నేర్పేది తెల్ల మీసాల పెద్దాయన. ఎడమచేతి కింద ఉన్నది క్లచ్ అనీ, అది నొక్కితే ఇంజన్‌కీ చక్రానికీ సంబంధం తెగిపోతుందనీ, బ్రేకులు మాత్రం కుడిచేతికి ఒకటి, కుడికాలికి ఒకటి ఉంటాయనీ మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తలూపాను. నా పాత స్కూటర్‌కి ఎడమచేతి కింద ఉండేది వెనక బ్రేకు. కుడిచేతిది ముట్టుకుంటే పల్టీ కొడతావని మా నాన్న మొదటిరోజే భయపెట్టాడు. ఆరేళ్లలో దాని జోలికి పోలేదు.

మొదటి గంట కాళ్లు నేలకి ఆనించి బండిని నడిపించడమే కాబట్టి పరువు దక్కింది. తర్వాత ఒకరి వెనక ఒకరు వెళ్లి, గుర్తుగా పెట్టిన ప్లాస్టిక్ కోన్ల దగ్గర ఆగమన్నారు. మా అమ్మాయి నాకన్నా ముందు వెళ్లి, ఆగి, పక్కకి తప్పుకుని నిలబడింది. నా వంతు వచ్చింది. కోన్లు దగ్గరపడేసరికి కంగారు పుట్టి ఎడమచేత్తో ఉన్న బలమంతా పెట్టి నొక్కేశాను. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఆ బిగువులో కుడిచేతి కింద యాక్సిలరేటర్ తిరిగిపోయి ఇంజన్ గీపెట్టింది. దాంతో ఉన్న మతి కాస్తా పోయింది. పెద్దాయన పక్కనే పరిగెడుతూ కుడిచెయ్యి, కుడిచెయ్యి అంటున్నాడు. కుడి ఏదో ఎడమ ఏదో తెలిస్తేగా! మా అమ్మాయికి మూరెడు దూరంలోంచి దూసుకుపోయి, కోన్లు దాటి, కంకరలో పడ్డాం, బండీ నేనూ.

మోచెయ్యి కొట్టుకుపోయింది. అది పెద్ద విషయం కాదు. మళ్లీ ఎక్కించారు, మళ్లీ ఎడమచెయ్యే నొక్కాను. మూడోసారీ అంతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, నాది కాలేజీలో వచ్చిన బుద్ధి అయినా సరే. పెద్దాయన మెల్లగా నా పక్కకి వచ్చి, ఇవాళ్టికి చాలన్నాడు. రేపటికి కూడా చాలనే ఆయన ఉద్దేశం. ఎవరినో గుద్దకముందే దిగిపోవడం మంచిదని మర్యాదగా చెప్పి, నీడలో కుర్చీ వేయించి వాటర్ బాటిల్ చేతికిచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పరీక్ష. నేను వాటర్ బాటిల్ పట్టుకుని అదే కుర్చీలో కూర్చున్నాను. వేగంగా వచ్చి పెద్దాయన చెయ్యెత్తగానే ఆపాలి. మా అమ్మాయి వస్తుంటే నా ఎడమచెయ్యి బాటిల్‌ని నొక్కేసింది. పిల్ల సరిగ్గా ఆగింది. మలుపు తిరుగుతుంటే మళ్లీ నొక్కాను. అది ఆగింది నేను నొక్కినందుకు కాదు, నొక్కకపోయినా అది పడేది కాదు. అంత చక్కగా నడిపింది. గర్వపడాల్సింది పోయి, వద్దనడానికి నాకున్న ఒక్కగానొక్క ఆధారం జారిపోతున్నట్టు కుమిలిపోయాను. పరీక్ష పూర్తయ్యేసరికి బాటిల్ నలిగి ముద్దయింది, నా ఒడంతా తడి.

పాసైన కాగితం పట్టుకుని మా అమ్మాయి కారు దగ్గరికి వచ్చింది. హెల్మెట్‌కి జుట్టంతా అణిగిపోయి, చిన్నప్పుడు తలంటిన రోజుల్లోలా ఉంది.

"అమ్మా, నువ్వు చూసావ్ కదా. ఇప్పుడు చెప్పు. నువ్వు నో అంటే నేను కొనను."

"నిజంగానే మానేస్తావా?"

"ప్రామిస్ చేశా కదా. మానేస్తా."

దాని గొంతులో అలకా లేదు, ఎత్తిపొడుపూ లేదు. మొండికేసి ఉంటే వద్దనే తీరేదాన్ని. దానికి కావలసిన మాటలన్నీ వారం నుంచి కూడబెట్టుకున్నాను. ఆ రెండు రోజుల్లో నేను ఏదీ ఆపలేకపోవడం అది కళ్లారా చూసింది. అయినా నా మాట కోసం ఎండలో నిలబడి ఉంది. నేను ఒక్క మాటంటే ఇది ఆగిపోతుంది. అలా ఆగిపోయే పిల్లని ఆపడానికి నాకు నోరు రాలేదు.

"కొనుక్కో," అన్నాను.

అది నన్ను వాటేసుకుంది. ఇంటికి కారు నేనే నడిపాను. దారంతా, పచ్చ సిగ్నల్ ఉన్నచోట కూడా బ్రేకు తొక్కుతూనే ఉన్నాను.